గడ్డం కింద వయొలిన్

శుక్రవారం పొద్దున సౌదీ అరేబియాలో, అల్ ఖోబర్‌లోని ఆ ఫ్లాట్‌లో మనుషులు లేచినా లేవకపోయినా వయొలిన్లు మాత్రం లేవాల్సిందే. ఆశా స్నానం చేసి, కాఫీ తాగి, చాప పరిచి, తన వయొలిన్నీ కూతురు సృజన వయొలిన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి శ్రుతి చేస్తుంది. ఆ తర్వాత చుట్టుపక్కల తెలుగు పిల్లలు పాఠానికి వస్తారు. సృజన పాఠం మాత్రం సాయంత్రం. ఒకప్పుడు హాలు నిండిపోయేది. ఇప్పుడు మిగిలింది ఇద్దరే. మిగతావాళ్ళు గిటార్లకీ కీబోర్డులకీ మారిపోయారు. ఆశా ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తదు, కానీ మనసులో ములుకులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆ రోజు సృజన వయొలిన్ మీటగానే ఆమె ముఖం చిట్లించింది. తీగలన్నీ ఎటో పోయి ఉన్నాయి. పై తీగైతే మరీ బిగిసిపోయి ఉంది. పదో తరగతి పూర్తయిన పిల్లకి తీగలు బిగించే బిరడాలతో ఈ ఆటలేమిటని విసుక్కుంటూ, అన్నింటినీ తన శ్రుతికి దించి పెట్టె మూసేసింది. కూతురికి ఒక పని తగ్గించానని కూడా అనుకుంది.

మధ్యాహ్నం భర్త జనార్దన్, "పిల్ల దోస్తు బర్త్‌డే ఉన్నది, వయొలిన్ వాయించాల్నట," అని సృజనని కారెక్కించుకుని వెళ్ళాడు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకి ఇద్దరూ తిరిగొచ్చారు. సృజన కళ్ళు వాచి ఉన్నాయి. పెట్టె తెరిచి తల్లి ముందు పెట్టింది. పై తీగ తెగి వేలాడుతోంది.

"అమ్మా, నా వయొలిన్ ముట్టుకున్నావా?"

"శ్రుతి చేశానే. ప్రతి శుక్రవారం చేస్తాగా. ఏమైంది?"

సృజన పెదవి కొరుక్కుంది. ఇంక దాచి లాభం లేదనుకుందేమో, ఉన్నదంతా చెప్పేసింది. అమెరికన్ కుటుంబాలు ఉండే కాంపౌండ్‌లో వచ్చే గురువారం వేసవి సంగీతోత్సవం జరగబోతోంది. వాళ్ళ దేశపు పాత పాటల్ని ఆర్కెస్ట్రా మీద వాయిస్తారు. సృజన అందులో చేరి మూడు నెలలైంది. ఒక పాటలో సోలో కూడా దొరికింది.

"ఇవాళ రిహార్సలని నిన్న రాత్రే వాళ్ళ శ్రుతికి బిగించి పెట్టుకున్నాను, ట్రాఫిక్‌లో లేటయిందమ్మా. వెళ్ళగానే నన్ను వాయించమన్నారు. కమాను వేస్తే ఒక్క స్వరం కుదర్లేదు. వాళ్ళ శ్రుతి వేరు కదా. గబగబా బిగించబోతే తీగ తెగింది, అందరి ముందూ. రేపు సాయంత్రం సరిగ్గా వాయించి చూపించకపోతే సోలో వేరే అమ్మాయికి ఇచ్చేస్తానంది మా ఆర్కెస్ట్రా మేడమ్."

ఆశాకి తీగ సంగతి చెవికెక్కలేదు. "మనలా చాప మీద కూర్చుని కాకుండా, నుంచుని వాయిస్తున్నావా? గడ్డం కింద పెట్టుకుని?"

"అవును."

"మూడు నెలలుగా నా కళ్ళు కప్పి! ఏవండీ, మీకూ తెలుసా ఇది?"

"నేనే చెప్పొద్దన్న," అన్నాడు జనార్దన్. "చెప్తే నువ్వు పోనిస్తవా? తీగ కోసం రెండు దుకాణాలు తిరిగొచ్చినం. వచ్చే వారం తెప్పిస్తమంటున్రు. పిల్లనేమనకు, అనేదుంటే నన్నను."

"ఒక్కొక్కళ్ళే పోతున్నారు. నాదంటూ నమ్ముకున్నది దీన్నొక్కదాన్నే. ఇదీ పోయిందన్నమాట!" ఆశా పెట్టె మూత మూసేసింది. "మానెయ్యవే. ఆ పాటలు మనకెందుకు?"

సృజన కళ్ళు తుడుచుకుంది. "నీ పాఠం ఒక్క రోజైనా మానానా? మానను కూడా. కానీ ఇదీ మానను. తీగ లేకపోతే మూడు తీగల మీదైనా వాయిస్తాను. నాకు ఆ పాటంటే ఇష్టం అమ్మా."

తలుపు వేసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. ఆశా వంటింట్లో చపాతీ పిండిని అవసరానికి మించి పిసికింది. కాసేపటికి గదిలోంచి పాట వినిపించింది. మాటలు లేవు. చిన్నప్పటినుంచీ అలవాటైన సరిగమల్లోనే ఆ అమెరికా పాటని కట్టుకుని పాడుకుంటోంది పిల్ల. పొలాల్లో పని చేస్తూ ఎవరో ఎన్నడో పాడుకున్న పాటట. మధ్యమం లేదు, నిషాదం లేదు. అచ్చంగా మోహనరాగపు స్వరాలే. ఒకచోట పిల్ల ధైవతం దగ్గర తడబడి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే తడబడింది.

"ధైవతం మీద కూర్చోకే! తాకి పంచమానికి దిగిపో!" అని అరిచేసింది ఆశా. అరిచాక తనే ఉలిక్కిపడింది.

గదిలో పాట ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి ధైవతం మీంచి జారి పంచమంలో నిలిచింది. ఆశాకి ఏడుపు ముంచుకొచ్చింది. పిల్ల తన సంగీతాన్ని వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళిన చోటికల్లా దాన్ని వెంట తీసుకెళ్ళింది. అనవసరంగా తిట్టాను కదా అనిపించింది.

పిండి చేతులు కడుక్కుని తన వయొలిన్ తీసుకుని గదిలోకి వెళ్ళింది. "రేపు ఇది పట్టుకెళ్ళు. వాళ్ళ శ్రుతి నాకు తెలీదు. ఏ తీగ ఎక్కడ నిలబడాలో నువ్వు పాడు, నేను బిగిస్తాను."

"నీ వయొలిన్ శ్రుతి మార్చడమా? ఎప్పుడూ మార్చలేదు కదమ్మా!"

"ఇప్పుడు మారుస్తా. పాడవే."

మర్నాడు ఆశా కూడా కాంపౌండ్‌కి వెళ్ళి, తప్పు తనదేనని మేడమ్‌తో వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. సోలో సృజనకే ఉండిపోయింది. గురువారం ఉత్సవంలో పాట అయ్యాక హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. జనార్దన్ ఈల వేయబోయి, చుట్టూ చూసి ఊరుకున్నాడు. ఆశా చప్పట్లు కొట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది.

శుక్రవారం పొద్దున, పిల్లలు పాఠానికి రాకముందే, చాప మీద ఆశా ఒక్కతే కూర్చుని కూతురిని పిలిచింది. "ఆ పాట మొదటి వరస నాకు చెప్పు."

"నీకా?"

"ఏం, నేర్చుకోకూడదా?"

సృజన తల్లిని తేరిపార చూసింది. నవ్వో ఏడుపో తెలియని ముఖంతో దగ్గరకొచ్చి చెయ్యి చాపింది. "అయితే లేచి నుంచో అమ్మా."

ఆశా కూతురి చెయ్యి పట్టుకుని చాప మీంచి లేచింది.