కొండ మీద మూడు ఎర్ర దీపాలు

"ఈసారి శుక్రగ్రహం అనకు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతని సెక్షన్‌కి ఫైళ్ళలో పొడుగాటి పేరుంది కానీ ఆఫీసులో అందరికీ అది దీపాల సెక్షన్, అతను దీపాలాయన. ఆకాశంలో ఎవరికి ఏ వెలుగు కనబడినా వెళ్ళి అదేమిటో తేల్చడం అతని ఉద్యోగం. ఇంతవరకూ తేలినవన్నీ శుక్రుడు, బెలూన్లు, విమానాలు, చేపల పడవల లైట్లు. ఒకప్పుడు అతను దొంగ పేర్లతో దేశాలు తిరిగి, తుపాకీ గురి తన మీదున్నప్పుడు కూడా జోకులేసిన మనిషి. రెండేళ్ళ కింద భార్య పోయాక ఏదీ మనసుకి తగలడం మానేసింది. మనసు అక్కర్లేని పని ఏదైనా ఉంటే ఇమ్మని తనే అడిగి ఈ కుర్చీలోకి వచ్చాడు.

చీఫ్ స్క్రీన్ మీద ఫోటో వేశాడు. కొండపైన, పొగమంచులో, ఒకే వరసలో మూడు ఎర్ర దీపాలు. వారం రోజులుగా చీకటి పడేవేళ కనిపిస్తున్నాయి. కనిపించి ఊరుకోకుండా మూడూ కలిసి మెల్లగా ఎయిర్‌బేస్ వైపు తిరుగుతున్నాయి. శత్రువుల డ్రోన్లని ఊరు ఊరంతా గగ్గోలు పెడుతోంది. బేస్‌లోని పాత రాడార్‌కి మాత్రం అక్కడేమీ కనిపించడం లేదు.

"ఏమీ కనిపించలేదంటే అక్కడ ఏమీ లేదేమోనండి."

"రాడార్‌కి చిక్కని సరుకని అర్థం. ఎప్పుడు చూసినా ఏమీ లేదనే అంటావు. ఆ ముక్క చెప్పడానికి నీకు జీతం దేనికని పైవాళ్ళు నన్ను తింటున్నారు."

అందుకని ఆ సాయంత్రం ఏడింటికి బేస్‌లో కొత్త రాడార్ ఆన్ చేయబోతున్నారు. యుద్ధం వస్తే తప్ప బయటపెట్టకూడదని దాచుకున్న రాడార్ అది. ఒక్కసారి ఆన్ చేస్తే దాని సిగ్నల్ గాల్లోకి వెళుతుంది. ఆ సిగ్నల్ పట్టుకున్నవాడు దాని కళ్ళు కప్పే ఉపాయం కూడా కనిపెడతాడు. ఏడింటిలోపల దీపాల సంగతి తేలిస్తే సరే, లేకపోతే ఇంటికి పోయి నిద్రపొమ్మన్నాడు చీఫ్.

దీపాలాయన పద్ధతి ఒకటే. ముందు దీపాన్ని చూడడు, చూసిన మనిషి నిలబడ్డ చోట నిలబడతాడు. ఫోటో తీసింది ఓ మందుల షాపతను, తన డాబా మీద నుంచి. అక్కణ్ణుంచి కొండ, ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించలేదు. కొండ అవతల ఏముందని అడిగితే, ఎప్పుడూ వెళ్ళలేదన్నాడు మందుల షాపతను. ఆకాశంలో ఏముందో మాత్రం అతనికి బాగా తెలుసు.

కొండ అవతల, రేవు పక్కన గోడౌన్లు కడుతున్నారు. మధ్యలో వారం కింద నిలబెట్టిన టవర్ క్రేన్. దాని పొడుగాటి చెయ్యి మీద విమానాలకి హెచ్చరికగా మూడు ఎర్ర లైట్లు.

దీపాలాయన జేబులోంచి సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ కార్డు తీసి చూపించాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన దొంగ కార్డుల్లో అదొక్కటే ఇంకా చెల్లుతోంది. క్రేన్ ఆపరేటర్ విసుక్కుంటూనే అంతా చెప్పాడు. డ్యూటీ దిగేటప్పుడు బ్రేకు వదిలేసి పోతారు. గాలి ఎటు వీస్తే చెయ్యి అటు తిరుగుతుంది. బిగించి పోతే గట్టి గాలికి క్రేన్ మొత్తం కూలిపోతుంది. సాయంత్రం గాలి మళ్ళగానే చెయ్యి బేస్ వైపు తిరుగుతుంది. కింద క్రేన్ కొండ చాటున, మంచులో ఉండిపోతుంది, పైన లైట్లు మాత్రం కనిపిస్తాయి. బేస్‌కి ఎవరూ చెప్పలేదా అంటే, అది వేరే డిపార్ట్‌మెంట్ పనన్నాడు.

చీఫ్‌కి చెబుదామని దీపాలాయన ఫోన్ తీశాడు. సైట్ క్యాంటీన్ టీవీలో వాతావరణ వార్తలు వస్తున్నాయి. చదువుతున్నది అతని మరదలు, పోయిన భార్యకి సొంత చెల్లెలు. ఆమె అందం గురించి దేశమంతా మాట్లాడుకుంటుంది. ఆమె తమ మనిషని ఓ విదేశీ ముఠా అనుకుంటుంది. నిజానికి ఆమె ఆ ముఠాలో డిపార్ట్‌మెంట్ పెట్టిన మనిషి. పొగమంచు గురించి చెబుతూ ఆమె ఎడమ చెవి పోగు తాకింది. అంటే ఎవరికీ ఫోన్ చేయకు, వెంటనే కలువు అని.

టీవీ స్టేషన్ పార్కింగ్‌లో ఆమె కారెక్కాడు. ఆమెకి నల్ల కళ్ళద్దాలు, కారు నిండా సెంటు వాసన.

"క్రేనేగా బావా?"

"నీకెలా తెలుసు?"

"డ్రోన్లని పుకారు పుట్టించింది మా ముఠావాళ్ళే. మంచు ఏ సాయంత్రం పడుతుందో నన్నడిగేవారు. ఎందుకో ఈ పొద్దునే తెలిసింది."

రేవులో ఓ పాత పడవ ఉందనీ, అందులో రిసీవర్ పెట్టుకుని కొత్త రాడార్ కోసమే కాచుకుని ఉన్నారనీ చెప్పింది. దాన్ని ఏడింటికి ఆన్ చేస్తారన్న సంగతి వాళ్ళకి తనే చేరవేయాల్సి వచ్చింది. అబద్ధం చెబితే ఇంకో నోటి నుంచి నిజం తెలిసిపోయేది.

"ఇప్పుడు మీ చీఫ్ చప్పుడు కాకుండా ఆపేశాడనుకో, వాళ్ళ ఎత్తు బయటపెట్టింది నేనేనని వాళ్ళకి తేలిపోతుంది. ఏడింటికి నేను ఆ పడవలోనే ఉండాలి బావా. రాకపోయినా అదే అర్థం."

ఇది జాలి పడాల్సిన చోటని అతనికి తెలుసు. జాలి రాలేదు. ఏదో ఆఫీసు లెక్క చేస్తున్నట్టు ఆలోచించాడు.

"ఎవరో ఆపినట్టు ఉండకూడదు. దానంతటదే ఆగిపోవాలి."

"అదెలా?"

"ప్రతిదానికీ మామూలు కారణం చూపించడమేగా నా సెక్షన్ పని. నువ్వు పడవకి వెళ్ళు."

మళ్ళీ సైట్‌కి వచ్చేసరికి ఆపరేటర్ ఇంటికి బయలుదేరుతున్నాడు. డ్యూటీ అయిపోయాక దేవుడే వచ్చి అడిగినా ఎక్కనన్నాడు. అర్జెంట్ ఇన్‌స్పెక్షన్ అని బతిమాలితే నారింజ రంగు జాకెట్, హెల్మెట్, కేబిన్ తాళం చెవి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

దీపాలాయన నిచ్చెన ఎక్కసాగాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన వాచీలో కెమెరా ఉంది, రికార్డర్ ఉంది. టైం మాత్రం సరిగా చూపించదు. ఏడింటికి ఇంకా ఎంతుందో తెలియదు. కిందికి చూస్తే కళ్ళు తిరగాలి, తిరగలేదు. జారితే ఏమవుతుందో తెలుసు కానీ అదెవరో పరాయివాడి సంగతిలా అనిపించింది. మరదలు ఈపాటికి పడవలో కూర్చుని ఉంటుందన్నది మాత్రం ప్రతి మెట్టు మీదా గుర్తొచ్చింది.

కేబిన్‌లో స్విచ్‌ల మీద అక్షరాలు అరిగిపోయాయి. ఒకటి నొక్కితే వైపర్ ఊగింది. ఇంకొకటి నొక్కితే హారన్ రేవంతా వినబడేలా మోగింది. డాబాల మీది జనం, బేస్ టవర్‌లో ఆఫీసర్, పడవలో ఉన్నవాళ్ళు అందరూ తలెత్తారు. మూడోది నొక్కాడు.

ఫ్లడ్‌లైట్లు వెలిగాయి. మంచులోంచి పసుపు పచ్చ ఇనుప చెయ్యి, దానికి వేలాడే కొక్కెం, అద్దాల కేబిన్, అందులో నారింజ జాకెట్ మనిషి, అన్నీ ఒక్కసారి బయటపడ్డాయి.

"ఓరి, క్రేను," అన్నాడు మందుల షాపతను. డాబాల మీద నవ్వులు మొదలయ్యాయి. బేస్‌లో కొత్త రాడార్ స్విచ్ మీద వేలు పెట్టినవాణ్ణి ఆఫీసర్ భుజం పట్టి ఆపాడు.

ఆ రాత్రి మరదలి నుంచి ఫోన్ రాలేదు. పొద్దున కూడా రాలేదు. బేస్ నవ్వులపాలైందని, క్రేనన్న సంగతి ముందే కనుక్కోవాల్సిందని చీఫ్ చెడామడా తిట్టాడు. దీపాలాయన తల ఊపుతూ విన్నాడు. మధ్యాహ్నం టీవీలో వాతావరణ వార్తలు ఇంకో అమ్మాయి చదివింది.

రెండేళ్ళలో మొదటిసారి అతనికి భయం వేసింది. ఎంత గట్టిగా వేసిందంటే లేచి నిలబడి, ఎందుకు నిలబడ్డాడో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. సాయంత్రం ఫోన్ మోగింది.

"నేనే బావా. రాత్రంతా అడిగిందే అడిగారు. చివరికి మన ఖర్మ అనుకుని వదిలేశారు."

"వార్తల్లో నువ్వు లేవు."

"నిద్రపోయాను. చూశావేంటి?"

"చూశాను."

"ఇంకో తంటా వచ్చింది. సరిగ్గా ఆ టైంకి క్రేన్ ఎక్కింది ఎవడో, ఎందుకెక్కాడో తేల్చమని మావాళ్ళు ఎంక్వైరీ నాకే అప్పజెప్పారు. ఏం చెప్పను?"

"ఆపరేటర్ సెల్‌ఫోన్ పైన మర్చిపోయి మళ్ళీ ఎక్కాడని చెప్పు."

"అంతేనా? నమ్ముతారంటావా?"

"మా ఆఫీసులో అయితే నమ్మరు," అన్నాడు దీపాలాయన. "మీవాళ్ళు కాస్త తెలివైనవాళ్ళు కదా."