మామూలు జ్వరం

ఛత్రినాక దగ్గరి ఒక ఆసుపత్రిలో వైకుంఠం రికార్డుల గుమాస్తా. జబ్బుల పుస్తకం చూసి ప్రతి కేసు షీటుకూ నంబరు వేయడం, ఆ నంబరు గూట్లో పెట్టడం ఆయన పని. డాక్టరు జబ్బు పేరు రాయకపోతే 'కారణం తెలియదు' అని వేరే గూడుంది. కానీ అందులో పడ్డ ప్రతి షీటుకూ పైవాళ్లు సంజాయిషీ అడుగుతారు. ఆ తలనొప్పి ఎందుకని వైకుంఠం అలాంటివన్నిటి మీదా 'మామూలు జ్వరం' అని తనే రాసి చేతులు దులుపుకునేవాడు. పదేళ్లుగా ఎవరూ అడగలేదు.

డెబ్బై తొమ్మిది వానాకాలంలో ఆయన కూతురు రాజమణికి జ్వరం పట్టుకుంది. తొమ్మిది రోజులైనా దిగలేదు. గోళ్లు నల్లబడ్డాయి. పై వార్డులో డాక్టర్లకు అంతుపట్టలేదు. ఒక్కగానొక్క పిల్ల. ఇలాంటి కేసు మునుపెప్పుడైనా వచ్చిందేమోనని వైకుంఠం మధ్యాహ్నం రికార్డు గదిలో దూరాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

బయట వాన. కరెంటు పోయింది. గదంతా చెమ్మ పట్టిన కాగితాల వాసన. కొవ్వొత్తి వెలుగులో ఒక్కో షీటూ తిరగేశాడు. గోళ్లు నల్లబడ్డ కేసులు పన్నెండు దొరికాయి. పన్నెండుమందీ పోయారు. అన్నిటి మీదా తన రాతే... మామూలు జ్వరం. పై షీటు చార్మినార్ దగ్గర గాజులమ్మిన వజీరున్నీసాది.

బీరువా వెనక గాజులు గలగలమన్నాయి.

"సాబ్..."

వైకుంఠం పైప్రాణాలు పైనే పోయాయి.

"పన్నెండుమందిని ఒక్క గూట్లె కుక్కినవ్. ఊపిరాడతలేదు సాబ్."

"తప్పయింది తల్లీ... నా బిడ్డకు గిదే ఉన్నది. గిది ఏం రోగమో చెప్పు."

"నాకేమెరుక? జర బయటికి తీస్కపో."

ఆ షీట్లన్నీ కట్టగట్టి గుండెకు హత్తుకుని, వైకుంఠం మెట్లెక్కి పరుగెత్తాడు. వార్డులో డాక్టరు లేడు. కట్టను కూతురి మంచం మీద పడేసి, ఆయన్ను వెతికి తీసుకొచ్చాడు.

డాక్టరు పిల్ల నుదురు తాకి నవ్వాడు. "జ్వరం దిగిపోయిందయ్యా!"

వైకుంఠం సంతోషం పట్టలేక ఏడ్చేశాడు. అప్పుడు చూశాడు. రాజమణి మంచం అంచున, ఒక పక్కకు ఒదిగి పడుకునుంది.

"నడుమ పండుకో బిడ్డా, కింద పడ్తవ్."

"జాగ లేదు బాపూ," అంది పిల్ల గుసగుసగా.

వైకుంఠం నవ్వుతూ షీట్ల కట్టను పక్కకు తీసి, ఆ ఖాళీ పరుపు మీద చెయ్యి వేశాడు.

చురుక్కుమంది. ఖాళీ పరుపు... జ్వరమొచ్చిన ఒళ్లులా కాలిపోతోంది.