నాలుగో బద్ద

పొద్దున్నే మేదరి పర్వతాలు వాకిట్లో కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. లోపలి నుంచి కూతురు త్రివేణి గొంతు వినిపించింది.

"అవ్వా, గీ బద్దను ఎవరు ఇరగ్గొట్టిన్రు?"

"నేనే బిడ్డా," నాయనమ్మ గుర్వమ్మ నిమ్మళంగా ఒప్పుకుంది. "చిక్కుడుపాదుల మేక పడ్డది. చేతికి గదే దొరికె. రెండు దెబ్బలకే ఇరిగె."

త్రివేణి నెత్తి పట్టుకుంది. ఆదివారం సోమశిల దగ్గర కృష్ణలో తెరచాప పడవల పోటీ. హుస్సేన్‌సాగర్‌లో రెండేళ్లు నేర్చుకున్నాక ఆమెకు దక్కిన మొదటి పోటీ. కొత్త తెరచాపకు కుట్టిన నాలుగు సంచుల్లో నాలుగు బద్దలు దూర్చాలి, లేకపోతే గాలికి అది దండెం మీది చీరలా కొట్టుకుంటుంది. హైదరాబాదు నుంచి తెప్పించిన ఫైబర్ బద్దల్లో ఒకటి మేక పాలైంది. మళ్లీ తెప్పించే వ్యవధి లేదు.

పర్వతాలుకు లోలోపల పండగే. మేదరి ఇంటికి కొరియర్‌లో బద్దలు రావడమేమిటని వారం నుంచి ఆయన మూతి ముడుచుకునే ఉన్నాడు. గంటలో వెదురు చీల్చి బద్ద తెచ్చాడు. రెండు ఇటుకల మీద పెట్టి, పైకెక్కి నిలబడ్డాడు.

"చూడు, ఇసుమంత వంగలే."

"వంగాలె బాపూ. పడవ స్తంభం దిక్కు కొస వంగితేనే తెరచాప గాలికి పొట్ట తీస్తది. ఇది తలుపుకు గడియ పెట్టినట్టున్నది."

"ముప్పై ఏండ్ల సంది చేస్తున్న. నాకు వెదురు నేర్పుతున్నవా? తండ్రి చేతిది పెట్టుకోనీకి సిగ్గయితే గా మాటే చెప్పు."

త్రివేణి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు అల్లిన వెదురు పుట్టిలనే ముందు తెడ్డు పట్టిన్నని ఆడ అందరికి చెప్పుకుంట. నాకెందుకు సిగ్గు?"

ఆ సంగతి పర్వతాలుకు తెలియదు. కత్తి పదును చూస్తూ కూర్చున్నాడు.

గుర్వమ్మ చాట తెచ్చి కొడుకు ఒళ్లో పడేసింది. "దీనికి ఎనుక గట్టి బద్ద, ముంగట పలుచటి బద్ద పెట్టినవు. ఎందుకు?"

"ముంగట వంగకుంటే చెరగొస్తదా అవ్వా?"

"మరి పొల్ల మొత్తుకునేదేంది?"

పర్వతాలు బద్ద ఒక కొసను చెక్కాడు, వంచి చూశాడు, మళ్లీ చెక్కాడు. త్రివేణి దాన్ని నాలుగో సంచిలో దూర్చి, తెరచాపను వాకిట్లో గుంజకు కట్టింది. మధ్యాహ్నం గాలి లేచింది. వెదురు బద్ద ఉన్నచోట తెరచాప నిండుగా పొట్ట తీసింది.

త్రివేణి చాలాసేపు చూసింది. తర్వాత మిగతా మూడు ఫైబర్ బద్దలూ బయటికి లాగేసింది.

"బాపూ, గివి గూడ నువ్వే చెయ్యి. నాలుగు ఒక్క చేతివే ఉండాలె."

పర్వతాలు అటు తిరిగి కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఏందిరా?" అంది గుర్వమ్మ.

"ఏం లేదు. వెదురు పొట్టు పడ్డది."

గుర్వమ్మ మూడు ఫైబర్ బద్దలనూ చంకన పెట్టుకుని చిక్కుడుపాదు వైపు నడిచింది.

"ఇగ రమ్మను గా మేకను."