మూడు సున్నాల బోరు

"తుపాకీతో తిరిగేవాణ్ణి పట్టుకోవడం తేలిక," అన్నాడు చీఫ్, ఫైలు బల్ల మీదకి తోస్తూ. "ఇక్కడ ఎవరి చేతిలో చూసినా రిపోర్టే. అందుకే నిన్ను పిలిచాను."

ఆ ఏజెంటుకి డిపార్ట్‌మెంటులో 'ఉడుము' అని పేరు. పట్టాడంటే వదలడని. ఇరవై రెండేళ్ల సర్వీసులో కదిలే రైలు మీంచి దూకాడు, రెండు రాయబార కార్యాలయాల్లో వంటవాడిగా చేశాడు, ఒక నియంత కూతురి పెళ్లిలో క్లారినెట్ కూడా వాయించాడు. అవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు అని పాపం ఆ రోజు అతనికి తెలీదు.

బ్రీఫింగ్ పది నిమిషాల్లో ముగిసింది. నది వెంబడి ఆరు పట్టణాలున్నాయి. ఆరింటికీ తాగునీళ్లు నేలకింద ఉన్న ఒకే ఇసుక పొరలోంచి వస్తాయి. ఆ నీళ్లని పరిశోధించడానికి ప్రభుత్వం ఒక కేంద్రం పెట్టి, తలో శాస్త్రం చదివినవాళ్లని ఒకే కప్పు కిందకి చేర్చింది. సరిహద్దు అవతల నుంచి వచ్చిన ఒక ముఠా, పైకి మాత్రం రసాయనాల కంపెనీ, ఆ కేంద్రం చుట్టూ తచ్చాడుతోంది. ఏం చేయబోతోందో ఎవరికీ అంతు చిక్కడం లేదు. లోపల 'లావెండర్' అనే డబుల్ ఏజెంటు ఉంది. ఉద్యోగం కో-ఆర్డినేటర్. ఆమె తమ మనిషని ముఠా అనుకుంటోంది. కాదు, మా మనిషని డిపార్ట్‌మెంటు అనుకుంటోంది.

"మరి నా కవర్ ఏంటి సార్?"

"మీటింగుల్లో మినిట్స్ రాసే గుమాస్తా."

ఉడుము లోలోపల సంబరపడ్డాడు. ఈ వయసులో కూర్చుని చేసే మిషన్ దొరికిందనుకున్నాడు. పప్పులో కాలేశాడు.

లావెండర్‌ని మొదటి రోజే కలిశాడు. సెంటు వాసన ముందొచ్చింది, మనిషి తర్వాతొచ్చింది. నల్ల కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని నవ్వితే ఎంతటివాడైనా రాస్తున్న వాక్యం మర్చిపోవలసిందే. ఈ ఫ్యాను తిరగదా మేడమ్ అని ఇతను అడగడం, తిరిగితే కాగితాలు ఎగురుతాయని ఆమె అనడం, కోడ్ సరిపోవడం క్షణంలో జరిగిపోయాయి. ముఠా కన్ను మ్యాపుల బీరువా మీద ఉందనీ, దాన్ని కనిపెట్టుకుని ఉండమనీ ఆమె కబురు. అంతే, ఉడుము ఆ ఇనప బీరువాకి ఎదురుగా బల్ల వేయించుకున్నాడు. చొక్కా గుండీలో కెమెరా అమర్చుకుని ఏడు వారాల్లో ఎనిమిది వందల ఫోటోలు తీశాడు. బీరువా పక్కనే టీ కెటిల్ ఉంది. ఫోటోల్లో ఉన్నవాళ్లంతా టీకి వచ్చినవాళ్లే.

ఆ విసుగైనా భరించొచ్చు. మీటింగులు భరించలేకపోయాడు.

రాతిపొరలు చదివే భూగర్భ శాస్త్రవేత్తని ఆఫీసంతా 'రాళ్లాయన' అనేది. బోర్లు వేయించి నీటిమట్టాలు చూసే ఇంజినీరు 'బోర్లాయన'. నీళ్లలో కంటికి ఆనని జీవాల్ని వెతికే ఆవిడ 'పురుగులావిడ'. రాళ్లాయన చెల్లెల్నే బోర్లాయనకిచ్చారు. అంటే ఇద్దరూ బావాబావమరుదులు. అయిదేళ్ల క్రితం ఏదో సదస్సులో ఈయన ఆయన శాస్త్రాన్ని గోతులు తవ్వే పని అన్నాడు, ఆయన ఈయన శాస్త్రాన్ని రాళ్లేరుకునే పని అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఇంట్లో మాటలన్నీ ఆ మధ్య మనిషి మీదుగానే. మీ అన్నయ్యకి చెప్పు, మీ ఆయనకి చెప్పు. ఆఫీసులో ఆ చెల్లెలు లేదు కాబట్టి ఆ చాకిరీ మినిట్స్ గుమాస్తా నెత్తిన పడింది. ఎదురెదురుగా కూర్చుని, ఇతనివైపు తిరిగి, ఆయనకి నా అభ్యంతరం రాసుకోమనండి అని ఒకరంటే, రాసుకోనని రాయండి అని ఇంకొకరు. పురుగులావిడ చెయ్యెత్తేసరికి టైమైపోయేది. ఆవిడ అంశం తర్వాతి మీటింగుకి వాయిదా. అలా పదకొండుసార్లు వాయిదా పడింది. శత్రువుల చేతుల్లో గోళ్లు పీకించుకున్నప్పుడు కూడా ఉడుముకి అంత ఏడుపు రాలేదు.

ఇంత జరుగుతున్నా ఉమ్మడి నివేదిక మాత్రం బయటికొచ్చింది. లావెండరే ముగ్గురి రిపోర్టులూ తెప్పించుకుని, ముచ్చటగా ఒకే పట్టిక చేసి అచ్చు వేయించింది. నేలకింద నీళ్లు దూరని బంకమట్టి పొర ముప్ఫై మీటర్ల నుంచి నలభై అయిదు దాకా ఉందట. ఆరో పట్టణం అవతల పాడుబడిన బోరు అరవై మీటర్ల లోతట. బోరు అడుగు బంకమట్టికి కిందనే ఉందన్నమాట. అందులో ఏం పోసినా పైనున్న తాగునీటికి అంటదు. ఆ పట్టిక చూపించి కంపెనీ తన ఫ్యాక్టరీ వ్యర్థ ద్రావకాన్ని ఆ బోరులోకి పంపడానికి అనుమతి తెచ్చుకుంది. వాళ్ల దేశంలో గుక్కెడు పారబోయనివ్వని ద్రావకం అది. శుక్రవారం పన్నెండింటికి పంపు వేస్తారు. చీఫ్‌కి అనుమానం రాకపోలేదు. కానీ మన శాస్త్రవేత్తలే ఫరవాలేదంటుంటే ఇక కుట్ర అందులో ఉండదు, నువ్వు బీరువా సంగతి చూడు అన్నాడు.

ఆ శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి పురుగులావిడ వచ్చి ఉడుము బల్ల మీద ఒక సీసా ఠక్కున పెట్టింది. నీళ్లలో బియ్యపుగింజంత తెల్లటి రొయ్య ఈదుతోంది. దానికి కళ్లు లేవు.

"ఇవాళైనా ఇది మినిట్స్‌లో రాస్తావా, లేదా?" అంది. "ఆ పాడు బోరు అడుగున దొరికిందిది. ఆరు పట్టణాల బావుల్లోనూ ఇదే ఉంది. మధ్యలో బంకమట్టి అడ్డుంటే అటూ ఇటూ ఒకే రొయ్య ఎలా ఉంటుందయ్యా? ఎనిమిది నెలల్నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. వినే నాథుడు లేడు."

కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపం కాదు, అలిసిపోయింది. ఉడుముకి ఆమె మీద జాలేసింది, తన మీద తనకి అసహ్యం వేసింది. ఆ పదకొండు వాయిదాలూ రాసిన చెయ్యి తనదే కదా.

బోరు అడుగు అరవై కదా, మీ రిపోర్టులో రొయ్య దొరికిన లోతు నలభై ఎనిమిది అని ఉందేమని ఉడుము అడిగాడు. నీటి మీది నుంచి కొలిస్తే అంతేగా అందామె. నీళ్లు నేలకి పన్నెండు మీటర్ల కింద మొదలవుతాయి, మా వాళ్లందరికీ తెలుసు, అది వేరే రాయడమెందుకు?

ఉడుము మెదడులో ఏదో కదిలింది. లావెండర్ కాకుండా ముగ్గురి అసలు రిపోర్టులూ చదివినవాడు ఆ భవనంలో అతనొక్కడే, అదీ గుమాస్తా వేషం కట్టిన పుణ్యాన. రాళ్లాయన గదికి పరిగెత్తి మీ ముప్ఫై మీటర్లు ఎక్కణ్ణుంచి అని అడిగాడు. ఆయన వీడెవడ్రా అన్నట్టు చూశాడు. సముద్రమట్టం నుంచి, ఇంకెక్కణ్ణుంచి, మా వాళ్లందరికీ తెలుసు అన్నాడు. బోర్లాయన గదికి పరిగెత్తాడు. నేలమీద నుంచి, మా వాళ్లందరికీ తెలుసు అన్నాడాయన.

బోరు దగ్గర నేల సముద్రానికి నలభై మీటర్ల ఎత్తున ఉంది. ఆ నలభై కలిపితే బంకమట్టి మొదలయ్యేది డెబ్భై దగ్గర. బోరు అరవై దగ్గరే ఆగిపోయింది. దాని అడుగున్నది బంకమట్టికి కింద కాదు, పైన. ఆరు పట్టణాలు తాగే నీళ్లలో సరిగ్గా నడిమధ్య.

ఒక్క అంకె కూడా తప్పు కాదు. పట్టిక మొత్తం అబద్ధం.

పదింటికి లావెండర్ గదిలోకి వెళ్లి పంపు ఆపమని ఆర్డరు రాయమన్నాడు. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. సొరుగులోంచి చిన్న పిస్టల్ తీసి వాటి పక్కన పెట్టింది.

"నేను ఒక్క అంకె కూడా మార్చలేదు," అంది. "మూడు కాలమ్స్ పక్కపక్కన పెట్టానంతే. ఒక్కడైనా పక్కవాడి కాలమ్ చదువుతాడేమోనని నెల రోజులు గుండె చేత్తో పట్టుకున్నాను. ఎవరూ చదవలేదు. నువ్వేమో బీరువాని భలే కాశావు."

పిస్టల్ పైకి లేచేలోగా ఉడుము జేబులోని పెన్ను నొక్కాడు. మత్తు సూది ఆమె భుజంలో దిగింది. చీఫ్‌కి ఫోన్ చేస్తే ఆయన ఆపగలిగినంత ఆపాడు, అంటే ఏమీ ఆపలేకపోయాడు. అనుమతి ఉమ్మడి సంతకాల మీద వచ్చింది, రద్దు కూడా ఉమ్మడి సంతకాల మీదే జరగాలి. ఒకే కాగితం, ఒకే లోతు, రాళ్లాయనదీ బోర్లాయనదీ సంతకాలు. అది లేకుండా పోలీసులు బోరు దగ్గరి కంపెనీ గేటు దాటలేరు.

ఉడుము ముగ్గుర్నీ జీపెక్కించాడు. గంటన్నర దారి. అంతసేపూ బావాబావమరుదులు ఇతని మెడ మీదుగా పోట్లాడుకుంటూనే ఉన్నారు. తప్పు ఆయనదని రాస్తే సంతకం పెడతానని ఈయన, లోతు సముద్రం నుంచి రాస్తే పెట్టనని ఆయన. స్టీరింగ్ వదిలేసి జీపుని కాలవలోకి తోసేస్తే పీడా విరగడవుతుందని ఉడుముకి రెండుసార్లు అనిపించింది.

బోరు దగ్గరికి చేరేసరికి పదకొండూ యాభై ఒకటి. తారు రంగు ట్యాంకరు, దాన్నుంచి గొట్టం, గొట్టానికో పెద్ద చక్రం వాల్వు, పక్కన షెడ్డులో స్విచ్ బోర్డు. ముఠా మనిషి మేనేజర్ వేషంలో చాలా మర్యాదగా నవ్వాడు. కాగితం చూపించండి, ఆపేస్తాను అన్నాడు. చెయ్యి మాత్రం స్విచ్ మీంచి తీయలేదు.

ఉడుము జీపు బానెట్ మీద కాగితం పరిచాడు. ఇద్దరూ వంగారు. అరవై అని ఒకరు రాశారు. కొట్టేసి సముద్రమట్టం లెక్కన ఇరవై అని ఇంకొకరు రాశారు. పదకొండూ యాభై ఆరు. ఉడుముకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రెండేళ్లలో ఏ శత్రువు మీదా ఎత్తని గొంతు ఎత్తబోయాడు.

అతనికంటే ముందు పురుగులావిడ మాట్లాడింది. అరవలేదు.

"రెండో పట్టణంలోనే కదా మీ ఇల్లు," అంది బోర్లాయనతో. తర్వాత రాళ్లాయన వైపు తిరిగింది. "ఈపాటికి మీ చెల్లెలు కుళాయి తిప్పి బిందె పెట్టుకుని ఉంటుంది. ఎవరి సున్నా నుంచి కొలిచినా ఆ బిందెలోకొచ్చేవి ఈ నీళ్లే."

ఇద్దరూ కాగితం మీంచి తలెత్తారు. ఆ తర్వాత రాళ్లాయన బోరు చుట్టూ కట్టిన సిమెంటు గట్టుని వేలితో చూపించాడు. బోర్లాయన తలూపి, గట్టు పైభాగం సున్నా అని కాగితం నెత్తిన రాశాడు. దాని కింద బోరు అడుగు అరవై, రొయ్యలు అరవై, బంకమట్టి డెబ్భై. మూడు శాస్త్రాలు మూడు వరుసల్లో మొదటిసారి ఒకే మాట చెప్పాయి. సంతకాలు పడ్డాయి.

ఉడుము కాగితం పైకెత్తాడు. మేనేజర్ నవ్వడం మానేసి స్విచ్ వేసేశాడు.

మోటారు గుర్రుమంది. ఉడుము షెడ్డులోకి దూకి వాడి మెడ పట్టుకున్నాడు, కానీ వాడు పడిపోతూ స్విచ్ పిడిని విరగ్గొట్టేశాడు. గొట్టం ఉబ్బుతోంది. వాల్వుకి దగ్గరగా ఉన్నది రాళ్లాయన. ఆయన జన్మలో వాల్వు తిప్పి ఎరగడు. చక్రం పట్టుకుని, అయిదేళ్లలో మొదటిసారి, మధ్యలో మనిషి లేకుండా అరిచాడు.

"బావా, ఎటు?"

"కుడికి బావా! అయిదు చుట్లు! ఆపకు!"

అయిదో చుట్టు బిగిసేసరికి గొట్టం ట్యాంకరు వైపు పగిలి ద్రావకం మేనేజర్ గారి కారు మీద పడింది. బోరులోకి చుక్క దిగలేదు. బావాబావమరుదులు గట్టు మీద కూలబడి ఆయాసపడుతున్నారు. పురుగులావిడ చీర చెంగుతో ఇద్దరికీ విసురుతోంది, ఏడుస్తోందో నవ్వుతోందో ఎవరికీ తెలీలేదు.

మర్నాడు చీఫ్ గదిలో లావెండర్ వాంగ్మూలం ఉడుము చేతికొచ్చింది. కేంద్రంలో ఆమె నెట్‌వర్క్ ఎంతమంది అని అధికారులు అడిగారట. ముగ్గురు అని చెప్పిందట. ముఠా కోసం పనిచేస్తున్నట్టు ఆ శాస్త్రవేత్తలకే తెలీదనీ, ముఠా పంపిన మరో ఆరుగుర్ని పనేమీ లేక తిప్పి పంపేశాననీ కూడా రాయించింది. ఉడుము ఆ పేజీ రెండుసార్లు చదివి మూసేశాడు.

"మంత్రిగారు చాలా సంతోషించారు," అన్నాడు చీఫ్. "కేంద్రాన్ని ఇంకా పెద్దది చేస్తారట. మట్టి శాస్త్రం, వాతావరణ శాస్త్రం, అడవుల శాస్త్రం వాళ్లు కూడా చేరుతున్నారు. మట్టాయన లోతుని అడుగుల్లో కొలుస్తాట్ట. కో-ఆర్డినేటర్ పోస్టు ఖాళీగా ఉంది కదా, నీ పేరు నేనే చెప్పాను."

ఉడుము లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"సార్, మీ కాళ్లు పట్టుకుంటాను. నన్ను ఏదైనా శత్రుదేశానికి పంపించండి."