మడత పెట్టని చీటీ

లంచ్ బెల్ కొట్టేసరికి మిరపకాయ ముక్కు ఎర్రబడిపోయింది. ఏడ్చి కాదు, కోపంతో. ఆ పిల్ల అసలు పేరు టీచర్ హాజరు పిలిచేటప్పుడే వినిపిస్తుంది. మిగతా రోజంతా మిరపకాయే.

కోపం ఓ కథల పుస్తకం మీద. ఆ కథలో, మాయానగరంలో మనుషుల నీడల్ని ఎవరో దొంగిలిస్తుంటారు. దొంగెవరో ఐదో పుస్తకంలో, అంటే ఆఖరిదాంట్లో తేలుతుంది. తేలింది. దీపాల తాతయ్య. నాలుగు పుస్తకాలుగా మిరపకాయ నెత్తిన పెట్టుకున్న తాతయ్య.

ఆ స్కూల్ లైబ్రరీలో కిటికీకీ అల్మారాకీ మధ్య ఓ తాడు ఉంది. పుస్తకం చదివినవాళ్ళు అభిప్రాయం చీటీ మీద రాసి, బట్టల క్లిప్పుతో దానికి తగిలిస్తారు. ముగింపు చెప్పేస్తే మాత్రం చీటీ మడతపెట్టాలి. లైబ్రరీ మేడం పెట్టిన రూలు అదొక్కటే.

ఒళ్ళు మండుతుంటే రూలు ఎవరికి గుర్తుంటుంది? కాగితం చిరిగేంత గట్టిగా రాసింది మిరపకాయ. "దీపాల తాతయ్యే దొంగట. చెత్త ముగింపు. ఎవరూ చదవకండి." మడతా లేదు, గిడతా లేదు. తగిలించేసింది. కసి తీరింది.

వెనక్కి తిరిగితే సోడాబుడ్డి నిలబడి ఉంది.

లావుపాటి కళ్ళద్దాల ఆ పిల్ల మిరపకాయకి ప్రాణస్నేహితురాలు. పుస్తకం ఒక్కటే కాపీ. అసలు మొదటి వంతు సోడాబుడ్డిదే. "నువ్వు ఆగలేవులేవే, ముందు నువ్వే చదువు" అని వదులుకుంది.

"చదివేశావా?" అంది మిరపకాయ.

"అంతేసి అక్షరాలు. అద్దాలు తీసేసినా కనిపిస్తాయి."

"సారీనే. కోపంలో..."

"కోపం నీ ఒక్కదానికే వస్తుందా? నా వంతు నీకిచ్చాను చూడు, నాకుండాలి బుద్ధి."

సోడాబుడ్డి అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది మిరపకాయకి. మిరపకాయ తిరిగిచ్చిన పుస్తకాన్ని బల్ల మీదే వదిలేసి సోడాబుడ్డి వెళ్ళిపోయింది.

మిరపకాయ చీటీ పీకేసింది. "ఇప్పుడు పీకి ఏం లాభమమ్మా, చదివేసిందిగా" అంది మేడం.

వారమంతా సోడాబుడ్డి వేరే బెంచీలో కూర్చుంది.

తర్వాత లైబ్రరీకి కొత్తగా దొంగల కథ పుస్తకం ఒకటి వచ్చింది. ఈసారి మొదటి వంతు మిరపకాయది. పేజీ తిప్పకుండా తీసుకెళ్ళి ఆ బెంచీ మీద పెట్టింది.

"ముందు నువ్వు చదువు. దొంగెవరో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి తగిలించు. మడత పెట్టక్కర్లేదు. నేనేం అనను."

సోడాబుడ్డి పుస్తకం తీసుకుంది.

సోమవారం తాడు మీద ఓ చీటీ వేలాడుతోంది. నాలుగు మడతలు. పైన ఇలా రాసి ఉంది: "మిరపకాయకి. నీ మీద కోపం ఇంకా పోలేదు. ముందు పుస్తకం చదివి చావు."

లోపల ఏముందో చూడాలని మిరపకాయ వేళ్ళు దురదపెట్టాయి. తాడు దగ్గర ఎవరూ లేరు కూడా. చేతులు రెండూ జేబుల్లో కుక్కుకుని, చీటీ కింద నుంచి వంగి వెళ్ళి, మేడంని పుస్తకం అడిగింది.