మాటామాటా

సంతపేటలో టమాటాల బండి దగ్గర ఒకామె ముఖం కందగడ్డలా ఎర్రబడి ఉంది. మెడనరాలు పొంగాయి. చెయ్యి బండివాడి ముక్కుదాకా వెళ్ళి వస్తోంది. పక్కనే నిలబడ్డ భ్రమరాంబకు మాత్రం ఆమె మాటలు ఇలా వినిపించాయి: “అన్నా, వీటిలో కొన్ని మెత్తబడినట్టున్నాయి. మార్చి ఇస్తే సంతోషిస్తాను.”

బండివాడు పళ్ళు కొరుకుతూ ఏదో అన్నాడు. “తప్పకుండా తల్లీ, నన్ను క్షమించండి” అని వినిపించింది.

ఆదోనిలో అదొక మామూలు ఉదయం. ఊళ్ళో అందరి చెవుల్లోనూ శనగగింజంత చెవిపూసలు ఉంటాయి. ఎదుటివాడు ఎంత మాటన్నా, సౌమ్యవాణి అనే యంత్రవ్యవస్థ దాన్ని రెప్పపాటులో కడిగి, అదే గొంతుతో మంచిమాటగా మార్చి చెవిలో పోస్తుంది. రాసి పంపిన సందేశాలకూ అదే గతి. పూస తీస్తే మృదుభాషా కార్యాలయానికి కబురు పోతుంది. ఈ ఏర్పాటు వచ్చాక వీధుల్లో కొట్లాటలు లేవు, కోర్టుల్లో విడాకుల కేసులు తగ్గాయి. దాన్ని తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. వచ్చినా, ఆ మాట ఎవరికీ ఉన్నదున్నట్టు వినబడేది కాదు.

భ్రమరాంబ ఇంట్లో మాత్రం సౌమ్యవాణి చెయ్యి పడని చోటు ఒకటి ఉంది. ఆమె తండ్రి పూర్వం ఇంటింటికీ కేబుల్ టీవీ ఇచ్చేవాడు. ఆ టీవీలు పోయినా, మిద్దెల మీదుగా ఆయన లాగిన నల్లని తీగలు పోలేదు. ఆమె వాటిని అతికి, చివర తన ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌కు కలిపింది. వంటింటి అటక మీద, బియ్యం డ్రమ్ము పక్కన, ఫ్యాను గరగరలాడుతూ అది పగలూ రాత్రీ నడిచేది. అందులో ఒకే ఒక్క చర్చావేదిక. దాని పేరు ‘మాటామాటా’. తీగ ఉన్న ఇంటివాళ్ళు ఎవరైనా అక్కడ రాయవచ్చు. రాసింది రాసినట్టే ఉంటుంది.

నీళ్ళ ట్యాంకరు ఎవరి వీధికి ముందు వచ్చిందో అక్కడ తిట్టుకునేవారు. అత్తాకోడళ్ళు ఒకే ఇంట్లో రెండు గదుల్లో కూర్చుని పోట్లాడుకునేవారు. భ్రమరాంబ అన్నీ చదివేది, దేన్నీ తుడిచేది కాదు.

ఒకరోజు అందులో ఒక వింత కోరిక కనిపించింది. “ఎవరన్నా నన్ను తిట్టండి. మీకు దండం పెడతా.” రాసింది ఖాజావలి. పత్తిమిల్లులో బేళ్ళు కట్టే యంత్రం నడిపేవాడు.

కొందరు సరదాగా నాలుగు మాటలన్నారు. భ్రమరాంబకు అది సరదాగా తోచలేదు. ఏం జరిగిందని అడిగితే అతను రాశాడు. మూడేళ్ళ కిందట, సరిగ్గా చూడకుండా స్విచ్చు నొక్కాడు. తన చేతికింద పని నేర్చుకుంటున్న ఈరన్న కుడిచెయ్యి మణికట్టు దాకా యంత్రంలో నలిగిపోయింది. ఈరన్న తండ్రి తిప్పన్నా, ఖాజావలీ చిన్ననాటి నుంచీ స్నేహితులు.

“ఆస్పత్రికి పోయి కాళ్ళ మీద పడినా అక్కా. ‘నీ తప్పేం లేదు, నిశ్చింతగా ఉండు’ అన్నట్టు ఇనబడింది. ఆయన కండ్లు చూస్తే నిప్పులు. లోపల ఏమన్నాడో నాకు తెల్దు. నేను చెప్పిన క్షమాపణ ఆయనకు చేరిందో లేదో తెల్దు. కాలు తొక్కినా, చెయ్యి తీసినా ఈ పూస చెప్పే క్షమాపణ ఒకటే కదక్కా. ఇంక ఏం ముఖం పెట్టుకోని పోవాల?”

భ్రమరాంబ మర్నాడే తీగచుట్ట భుజాన వేసుకుని తిప్పన్న ఇంటికి వెళ్ళింది. ఖాజావలి పేరెత్తగానే తిప్పన్న తుపుక్కున ఉమ్మాడు. “వారు క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను” అని ఆమె చెవిలో తేనె కారింది. ఆమె మిద్దె ఎక్కి తీగ దించి, పాత తెరా కీబోర్డూ అతని ముందు పెట్టింది.

“ఇందులో రాయన్నా. వానికి అట్లనే చేరుతాది.”

తిప్పన్న కీబోర్డును దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత రెండు వేళ్ళతో మొదలుపెట్టాడు.

“ఒరే ఖాజా, నీ చేతులు ఇరగ. స్విచ్చు నొక్కేటప్పుడు కండ్లు యాడ పెట్టినావురా? నా కొడుకు ఎడమచేత్తో అన్నం కలుపుకుంటాంటే నేను ఆ పక్క చూడలేక లేచిపోతాండా. ఒక్క దినం ఆస్పత్రికి వచ్చి పండ్లిచ్చి పోయినావు. మళ్ళ మా వీధి దిక్కు రాలేదు. ఖాజామామ ఏల రాలేదు నాయనా అని వాడు అడుగుతాండాడు. ఏం చెప్పాల్రా వానికి? చెయ్యి తీసింది చాలక మనిషిని గూడా లేకుండా చేసినావు గదరా దొంగనాకొడకా.”

ఖాజావలి దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నాడో లెక్కలేదు. చదివిన ప్రతిసారీ ఏడ్చాడు. ఆ రాత్రి మాత్రం కంటినిండా నిద్రపోయాడు.

కొత్త తీగ సంగతి ఎవరో చేరవేయడంతో, వారం తిరక్కుండా మృదుభాషా కార్యాలయం జీపు భ్రమరాంబ గుమ్మం ముందు ఆగింది. అధికారిణి పేరు సంహిత. పాతికేళ్ళ పిల్ల, ఇదే ఆమె మొదటి విచారణ. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పరుషమైన మాట వినలేదు. తెర మీద తిప్పన్న రాతను చదువుతుంటే ఆమె పెదవులు తెల్లబడ్డాయి. వెంటనే తిప్పన్నను నేరస్థుడిగా, ఖాజావలిని బాధితుడిగా అక్కడికే పిలిపించింది. విచారణ నడిచేచోట ఎవరూ పూసలు పెట్టుకోకూడదని నియమం. అందరి పూసలూ ఒక పళ్ళెంలో వేయించింది. తనవీ తీసింది.

గదిలో ఒక్కసారిగా ఫ్యాను చప్పుడు, వీధిలో ఆటోల మోత, మనుషుల ఊపిరి వినబడ్డాయి.

“ఖాజావలి గారూ, ఈ రాత వల్ల మీ మనసు గాయపడింది. దీన్ని ఇప్పుడే తొలగిస్తాం” అంది సంహిత.

“తుడవద్దు మేడం” అన్నాడు ఖాజావలి. లేచి తెరకు అడ్డంగా నిలబడ్డాడు. “అది నాది. మా అన్న నాకిచ్చినాడు. దాన్ని ముట్టే అధికారం ఎవురికీ లేదు.”

“మిమ్మల్ని ఇంత మాటన్నాడు!”

“అనాల గదమ్మా! చేసినోన్ని నేను.”

అతను తిప్పన్న వైపు తిరిగాడు. “అన్నా, నేను ఆ పొద్దు చూల్లేదు. చూడాల్సింది. చూల్లేదు.” అంతకుమించి రాలేదు. అందులో మర్యాద లేదు, అలంకారం లేదు. కానీ అది అతని గొంతులోంచి వచ్చిన మాట. తిప్పన్న దాన్ని మొదటిసారి విన్నాడు.

తిప్పన్న లేచి అతని చొక్కా పట్టుకున్నాడు. సంహిత బెదిరి వెనక్కి జరిగింది. ఆ పిడికిలి వదల్లేదు, కొట్టనూ లేదు.

“రేపు ఇంటికి రా. ఈరన్న ముందర చెప్పు ఈ మాట. వాడు తిడితే పడు” అన్నాడు తిప్పన్న.

“పడతానన్నా.”

సంహిత నియమాల పుస్తకం పేజీలు తిరగేసింది. చివరికి హామీపత్రం భ్రమరాంబ ముందుకు తోసింది. “ఇకమీదట ఇలాంటిది నడపనని సంతకం చెయ్యండి. యంత్రం ఒక్కటే తీసుకుపోతాం. చెయ్యకపోతే కేసు పెట్టాలి.”

“చెయ్యను” అంది భ్రమరాంబ.

“జైలుకు పోతారు.”

“పోతా. వచ్చినాంక మళ్ళ పెడతా. మీరు ఊర్ల కొట్లాట లేకుండా చేసినాము అనుకుంటాండారు. కొట్లాడినోల్లు మళ్ళ కలిసే దోవ గూడా మూసినారు. ఆ దోవ నా ఇంట్ల ఉంది. దానికి తాళం నేనెయ్యను.”

“కోర్టు నుంచి పిలుపు వస్తుంది” అని సంహిత హామీపత్రం వెనక్కి తీసుకుంది. ఇద్దరు మనుషులు అటక మీది కంప్యూటర్‌ను దించి జీపులో పెట్టారు. ఫ్యాను ఆగిపోయాక వంటిల్లు చిన్నబోయింది.

వెళ్ళేముందు అందరికీ పళ్ళెం చాపింది సంహిత. భ్రమరాంబ పూస తీసుకోలేదు. ఖాజావలీ తీసుకోలేదు. తిప్పన్న తన పూసను వేళ్ళ మధ్య అటూఇటూ తిప్పి చూసి, తిరిగి పళ్ళెంలోకే విసిరాడు.

“అక్కా, మా ఇంట్ల ఈరన్నది ఒక కంప్యూటర్ మూల పడుంది” అన్నాడు, సంహితకు వినబడేలా గట్టిగా. “దానికి తీగ కలుపుదాం, రా.”

ముగ్గురూ జీపు పక్కనుంచే నడిచి వీధిలోకి వచ్చారు. నడుస్తూనే తిప్పన్న ఖాజావలిని మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాడు.