తువ్వాల కింద బేరం

నాందేడ్ మోండా బజారులో పసుపు దుకాణం మీది గదుల్లో కాపురమంటే ఇంట్లో గోడలు కూడా పసుపు వాసనే కొడతాయి. ప్రాచికి ఆ వాసన అలవాటే. ఆమె బేరం కూడా పసుపుదే, కాకపోతే ఒక్క కొమ్మయినా చేత్తో ముట్టుకోదు. భర్త గజానన్ రైల్వే డ్యూటీకి, ఆరేళ్ళ శ్రేయ బడికి వెళ్ళగానే వాయిదా బేరాలకు లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. తెర మీద ఎడమ పక్క కొనేవాళ్ళు, కుడి పక్క అమ్మేవాళ్ళు. ఎవరు ఎంత సరుకు ఏ ధరకు అడుగుతున్నారో వరసగా కనిపిస్తుంది. కొనేవైపు బరువు పెరిగితే ధర ఒక మెట్టు ఎక్కబోతోందని అర్థం. అప్పుడు గబుక్కున కొని, కాసేపటికే అమ్మేస్తుంది. ఆడదానికి ఈ జూదమేమిటని నవ్వినవాళ్ళున్నారు. నవ్విన నాపచేనే పండుతుందిలే అని ఆమె వాళ్ళకేసి చూడనే లేదు.

ఈ పనిలో ఆమె రెండు సంగతులు నేర్చుకుంది. తెర మీది ఆర్డరు నిజమైనదీ కావచ్చు, ఉత్త బెదిరింపూ కావచ్చు. అది మాయమైతే 'చివరి అమ్మకం' గడి చూడాలి. పెట్టినవాడే వెనక్కి తీసుకుంటే ఆ గడిలో ఏమీ పడదు. పడిందంటే ఎవరో అమ్మేశారన్నమాట. ఇక రెండోది, గడువు తేదీ వచ్చేదాకా ఏ బేరమూ తెగిపోయినట్టు కాదు. అమ్మినదాన్ని అంతలోపు తిరిగి కొనుక్కోవచ్చు.

మామ సీతారాంకు ఈ తెర బేరం గిట్టదు. జుట్టు నెరిసేదాకా ఇదే మోండాలో దలాలీ చేసినవాడాయన. ఆ రోజుల్లో కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకునేవారు. ధర వేళ్ళ నొక్కుల్లోనే నడిచేది.

"అందరి ముంగట ధర జెప్పుడు... గిదేం యాపారం బిడ్డా?" అని కోడల్ని ఎగతాళి చేసేవాడు.

"అందరికి కనబడ్తది గనకనే మోసం లేదు మామా. మోసమంతా మీ తువ్వాల కిందనే" అని ఆమె చురక అంటించేది.

మనవరాలికి మాత్రం ఆ ఆట నేర్పాడు. శ్రేయ తన బడి చేతిరుమాలు, దస్తీని, చేతుల మీద కప్పి, తాత వేళ్ళు నొక్కి చాక్లెట్లకు బేరమాడేది. వేళ్ళు నొక్కితే ధర. అరచెయ్యి తెరిస్తే ఒప్పుకున్నట్టు. పిడికిలి బిగిస్తే సరుకు అమ్మకానికి లేదు. ఒక్కటే కట్టుబాటు, దీపాలు పెట్టే వేళ తువ్వాల పరచకూడదు. ఎందుకని అడిగితే, "అప్పుడు ఎవని చెయ్యి అస్తదో తెల్వది" అని ముసలాయన మాట దాటేసేవాడు.

ఆషాఢంలో ఒకనాడు గోదావరి మీది నుంచి మబ్బు దిగి, సాయంత్రమే చీకటి పడింది. బజారు మూసేశారు. వాన మొదలైంది, కరెంటు పోయింది. లోపలి గదిలో తాతా మనవరాలూ ఏదో మాట్లాడుకుంటున్నారు. బ్యాటరీ మీద నడుస్తున్న లాప్‌టాప్ మూద్దామని ప్రాచి చెయ్యి చాపింది.

తెర మీద ఒక ఆర్డరు మిగిలి ఉంది.

మూసిన బజారులో ఆర్డరేమిటి? నెట్ కూడా లేదు. సరుకు పేరు ఉండాల్సిన చోట ఖాళీ. కొనేవైపు, ఒకటి. అమ్మేవైపు ఎవరూ లేరు. గడువు తేదీ మాత్రం స్పష్టంగా ఉంది. దసరా దాటాక వచ్చే ఆ తేదీని ప్రాచి మరచిపోయే వీల్లేదు. అది శ్రేయ పుట్టినరోజు.

ధర పెరిగింది. మళ్ళీ పెరిగింది. అడిగేవాడు ఆగడం లేదు.

ఎవరో ఆకతాయి పని అనుకుని మౌస్ పట్టుకుంది. కుర్చీ వీపున ఆరేసిన మామ తువ్వాల జారి ఆమె చేతి మీద పడింది. గాలి లేదు... కిటికీ మూసే ఉంది. తడిసిన గోనెల వాసన గుప్పుమంది. తువ్వాల కింద, చల్లగా, ఏవో వేళ్ళు ఆమె చూపుడువేలిని పట్టుకున్నాయి.

నొక్కాయి.

"ఎవరు?" అంది.

ఇంకో వేలు. ఇంకోటి. తెర మీద ధర పెరిగినప్పుడల్లా ఒక నొక్కు. ప్రాచి చెయ్యి లాక్కోబోయింది, ఆ వేళ్ళు వదల్లేదు. కానీ మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ చేతికి ప్రాచి సంగతి తెలియదు. వేళ్ళన్నీ లోపలికి ముడిచి పిడికిలి బిగించింది.

ఆ చెయ్యి ఆమె చిటికెన వేలిని విప్పబోయింది... తరువాత ఉంగరపు వేలిని... గోళ్ళు దిగుతున్నాయి.

"అమ్మకానికి లేదు!" అని అరిచింది ప్రాచి. "దొంగ బేరం నా దగ్గర నడవది. దమ్ముంటే బయటికి రా!"

ఎడమ చేత్తో తువ్వాలను ఒక్క లాగు లాగి విసిరేసింది. కింద ఏమీ లేదు. తన పిడికిలి, చర్మంలో దిగిన గోళ్ళ గాట్లు, అంతే.

తెర మీద ఆర్డరు మాయమైంది. హమ్మయ్య అనుకోబోయి, అలవాటు కొద్దీ చివరి అమ్మకం గడి చూసింది.

ఒకటి.

వెనక్కి తీసుకోలేదు. ఎవరో అమ్మారు.

లోపలి గదికి పరుగెత్తింది. సీతారాం మంచం మీద గోడకానుకుని, కుడి పిడికిలిని గుండెకు అదుముకుని కూర్చున్నాడు.

"నా కాడికి గూడ అచ్చింది బిడ్డా" అన్నాడు గుసగుసగా. "నేను ఇయ్యలే. పిడికిలి పట్టిన."

"మరి ఎవరు..."

మూలన, చీకట్లో, శ్రేయ కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్ల దస్తీ పరుచుకుని, దాని కింద అరచెయ్యి తెరిచి పెట్టుకుంది.

"తాతా, మళ్ల నొక్కు" అంది నవ్వుతూ.

తాత మంచం మీదే ఉన్నాడు, పిడికిలి గుండె మీదే ఉంది.

ప్రాచి బిడ్డ ముందు కూర్చుంది. "శ్రేయా, ఏం అమ్మినవ్ తల్లీ?"

"ఏమో. తాత అడిగిండు. సరే అన్న."

ప్రాచికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపుకన్నా ముందు కోపమొచ్చింది. పసిపిల్లతో బేరమా? పేరు లేదు, ముఖం లేదు, పెద్దవాళ్ళు పిడికిలి పడితే మూలన కూర్చున్న బిడ్డ దగ్గరికి పోతుందా! లేచి ముందు గదిలోకి వెళ్ళి, విసిరేసిన తువ్వాల తీసింది. దాన్ని లాప్‌టాప్ పక్కన బల్ల మీద తానే పరిచింది.

"వద్దు బిడ్డా, దీపాలేళ!" ముసలాయన మనవరాలి చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"గడువు ఇంక రాలే మామా. అమ్మింది తిరిగి కొనొచ్చు."

తువ్వాల కింద చెయ్యి పెట్టి, అరచెయ్యి తెరిచింది. "రా" అంది. "నా సొత్తు నాకియ్యి. ఎంతడుగుతవో అడుగు. ఇచ్చేదాక ఈడికెల్లి లేవ."

వాన చప్పుడు ఆగింది. తడి గోనెల వాసన మెల్లగా గది నిండింది. ప్రాచి గుమ్మం వైపు చూసింది. శ్రేయ ఒక చెయ్యి తాత చేతిలో ఉంది, రెండో చేతిలో దస్తీ ఉంది.

తువ్వాల కింద వేళ్ళొచ్చాయి.

ఈసారి చల్లగా లేవు. వెచ్చగా ఉన్నాయి. చాలా చిన్నవి. మోండాలో బండ్ల మధ్య రోడ్డు దాటేటప్పుడు శ్రేయ పట్టుకున్నట్టే ఆమె చూపుడువేలిని గట్టిగా పట్టుకున్నాయి. ఒక్క క్షణం అలాగే ఉండి, వదిలేశాయి.

తరువాత ఆమె అరచేతిలో, ఆ చిన్న వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుని పిడికిలి బిగించాయి, సరుకు అమ్మకానికి లేదన్నట్టు.

ప్రాచి చెయ్యి వెనక్కి తీయలేదు.